భీముడికి బండి కావలెను

కారు కొంటున్నానంటే మనవాళ్ళు ముందు అడిగేది "ఎంతిస్తుంది?" అని. అంటే మైలేజీ. ఆ తరవాత రీసేల్ ఎలా ఉంటుందని. ఆ తరవాత సన్‌రూఫ్ ఉందా అని. ఈ మూడూ దాటి ఎవరూ వెళ్ళరు. నేను మాత్రం మొన్న సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో హైదరాబాదులో ఉన్న షోరూములన్నీ తిరిగి, సేల్స్ కుర్రాడు స్క్రీన్ ఎన్ని అంగుళాలో చెబుతుంటే వినకుండా తిన్నగా వెనక్కి పోయి, డిక్కీ తలుపెత్తి, అందులోకి ఎక్కి పడుకుని చూశాను. నిజంగానే పడుకున్నానండీ. కాళ్ళు ముడుచుకుని, తల పైకెత్తి, నాలుక ఒక్కటే బయట పెట్టలేదు. ఒక షోరూములో సెక్యూరిటీ ఆయన వచ్చి "సార్, ఒంట్లో బాగానే ఉందా?" అనడిగాడు.

అసలు సంగతేంటంటే, ఆ డిక్కీ నా కోసం కాదు. భీముడి కోసం.

భీముడు జర్మన్ షెపర్డ్. ఎనిమిదేళ్ళవాడు, 38 కిలోలు. తణుకు దగ్గర మా ఊళ్ళో ఉంటాడు. 2017లో నేను ఇంజనీరింగు చదువుతుండగా, బదిలీ మీద వెళ్ళిపోతున్న వాళ్ళెవరో ఇస్తే అమ్మ ఇంటికి తెచ్చింది. మొదటి రోజే ఓ పళ్ళెం పెరుగన్నం ఒక్క గుక్కలో లాగించేసి, ఖాళీ పళ్ళేన్ని ఇల్లంతా నెట్టుకుంటూ తిరిగాడట, అందుకని ఆ పేరు. నాన్నగారికి కుక్కలంటే పడదు. రిటైర్డ్ హెడ్మాస్టరు కదా, ఇంట్లో క్రమశిక్షణ లేని ప్రాణి ఏదీ ఉండకూడదని ఆయన సిద్ధాంతం (నేను మినహాయింపు, తప్పక). ఎనిమిదేళ్ళుగా ఆయన నోట భీముడు అన్న మాట నేను వినలేదు. "ఆ కుక్క" అంతే. "మీ అమ్మ, ఆ కుక్క వీధిలో ఉన్నారు." "ఆ కుక్క నా చెప్పు పట్టుకుపోయింది."

2024 డిసెంబరులో అమ్మ పోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

నాన్నగారు ఊళ్ళోనే ఉండిపోయారు. "నాకేం, బానే ఉన్నాను" అనేవారు ఫోనులో. ఆగస్టులో ఓ రాత్రి బాత్రూములో జారిపడి కుడి చేతి మణికట్టు విరక్కొట్టుకున్నారు. కుక్క అరిచి అరిచి ఊళ్ళోవాళ్ళని లేపిందని రాస్తే చదవడానికి బావుండేది గానీ, వాడు వరండాలో శుభ్రంగా నిద్రపోయాడు. నాన్నగారే లేచి, ఎడం చేత్తో ఫోను చేసి, పక్కింటి పిన్నిగారిని పిలుచుకున్నారు. మాకు మర్నాడు మధ్యాహ్నం దాకా చెప్పలేదు. పిన్నిగారే చాటుగా చెప్పింది, "బాబూ, మీ నాన్న రెండు పూటలా పెరుగన్నమే తింటున్నారు, ఆయనొకటి, కుక్కకొకటి" అని.

"మా దగ్గరికి వచ్చెయ్యండి నాన్నగారూ" అన్నాను.

"ఆ కుక్కనెవరు చూస్తారు?"

ఎవరికైనా ఇద్దామన్నాను. పొరపాటే, ఒప్పుకుంటాను. ఫోనులో కాసేపు ఏం వినపడలేదు. తరవాత, "ఇచ్చెయ్యడానికి అదేమన్నా పాత ఫ్రిజ్జట్రా? మీ అమ్మ పెంచింది" అని పెట్టేశారు. రెండు వారాలు ఈ విషయం మీద చర్చ నడిచింది. చివరికి తేలిందేంటంటే ఆయనొస్తే వాడితోనే, లేకపోతే లేదు.

సరే, వాణ్ణీ తెచ్చుకుందాం, అందులో ఏముంది అంటారేమో. ఇక్కడ మా ఇంట్లో ఇంకొకడున్నాడు. సింబా అని లాబ్రడార్, 2021లో లాక్‌డౌన్ పుణ్యమా అని వచ్చిన సంతానం, 32 కిలోలు. మా ఆవిడకి నాకంటే వాడే ఎక్కువ. అంటే నేను, మా ఆవిడ, నాన్నగారు, రెండు కుక్కలు. మొత్తం 70 కిలోల కుక్క. ఉన్నదేమో చిన్న హ్యాచ్‌బ్యాక్. సింబాని ఒక్కణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఊరెళితేనే చిట్యాల దాటకుండా ఒకసారి, సూర్యాపేట దాటాక ఒకసారి కక్కుతాడు. మలుపు తిరిగినప్పుడల్లా సీటు మీంచి కాళ్ళు పెట్టుకునే చోట్లోకి జారిపడతాడు, మళ్ళీ ఎక్కుతాడు, మళ్ళీ జారతాడు. నాలుగు వందల కిలోమీటర్లు అలాగే.

రైలు గురించి కూడా చూశాను. కుక్కని మనతో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరుండే కూపే గానీ నలుగురుండే క్యాబిన్ గానీ మొత్తం మన పేరు మీదే ఉండాలి. లేదంటే గార్డు దగ్గర బ్రేక్ వ్యానులో కుక్కల పెట్టె ఉంటుంది, అందులో వెయ్యాలి. ఎనిమిదేళ్ళ వయసొచ్చి, వెనక కాళ్ళ కీళ్ళు అరిగిపోయి, అమ్మ పోయినప్పట్నించీ వీధి గుమ్మం వైపే చూస్తూ పడుకుంటున్నవాణ్ణి రాత్రంతా ఆ పెట్టెలో వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. క్యాబ్ వాళ్ళు "డాగా సార్? ఎంత సైజు?" అని అడిగి ఫోటో పంపితే మళ్ళీ ఫోనెత్తలేదు. ఒకసారి తీసుకొచ్చేస్తే అయిపోయే పనీ కాదు. డిసెంబరులో అమ్మ సంవత్సరీకం, సంక్రాంతి, పొలం పన్లు.. నాన్నగారు రెండు నెలలకోసారైనా ఊరెళ్ళకుండా ఉండరు. సో, కారు కొనాలి.

సాఫ్ట్‌వేరు వాణ్ణి కదా, ముందు ఎక్సెల్ తెరిచాను. ఎడమ పక్క పదకొండు కార్లు, పైన పంతొమ్మిది కాలమ్స్, ఒక్కోదానికి వెయిటేజీ. ధర, మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, క్రాష్ టెస్ట్, డిక్కీ లీటర్లు.. రెండ్రోజులు కూర్చుని ఫార్ములాలు రాశాను. మా ఆవిడ వెనకనించి చూసి, "భీముడి కొలతలేవి?" అంది. నిజమే. రిక్వైర్‌మెంట్ తీసుకోకుండా డిజైన్ మొదలెట్టేశాను. ఆఫీసులో క్లయింటుని తిట్టుకునేది దీనికే కదా మనం.

నాన్నగారికి వీడియో కాల్ చేసి కొలతలు తీసి పంపమన్నాను. అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశారు. కుడి చెయ్యి కట్టులో ఉంది, ఎడం చేత్తో టేపు పట్టుకుంటే వాడు రెండో కొస నోట్లో పెట్టుకుని పారిపోయాడు. "ఒరేయ్, నిలబడు" అని క్లాసులో పిల్లల్ని అరిచినట్టు అరిచారు. అరగంట పట్టింది. ముక్కు నించి తోక మొదలు దాకా 43 అంగుళాలు. నేల నించి భుజం దాకా 25. కూర్చుంటే తల పై దాకా 34. పాత లెక్కల మాస్టారు కదా, పడుకున్నప్పుడు పొడవు వెడల్పులు కూడా విడిగా కొలిచి, కాయితం మీద పటం వేసి వాట్సప్‌లో పెట్టారు. ఆ పటం ఇప్పటికీ నా ఫోనులో ఉంది. తోక కూడా వేశారు.

ఆ పటం పట్టుకుని తిరగడం మొదలెట్టాక తెలిసిందేంటంటే, కంపెనీలు చెప్పే డిక్కీ లీటర్లు మనకెందుకూ పనికిరావు. ఆ లీటర్లు కొలిచేదెలాగంటే, లీటరు పరిమాణంలో చిన్న చిన్న దిమ్మలు (20 సెంటీమీటర్లు, 10, 5) తీసుకుని డిక్కీలో ఎన్ని పడితే అన్ని ఇరికిస్తారు. మూలల్లోకి, చక్రాల గూళ్ళ పక్క సందుల్లోకి అన్నిట్లోకీ. ఎన్ని దిమ్మలు పడితే అన్ని లీటర్లు. సూట్‌కేసులకి, ఉల్లిపాయల బస్తాకి అది సరే. భీముణ్ణి ఇటుకల్లా విడగొట్టి పేర్చలేం కదా. వాడికి కావల్సింది మూడే: ఒళ్ళు చాపుకునేంత చదునైన నేల, కూర్చుంటే తల తగలని ఎత్తు, ఎక్కడానికి వీలుగా నేలకి దగ్గర్లో ఉండే అంచు. ఈ మూడోది బ్రోషర్లో ఎక్కడా ఉండదు. ఇప్పుడొస్తున్న ఎస్‌యూవీలన్నీ చూడ్డానికి ఏనుగుల్లా ఉంటాయి, డిక్కీ అంచేమో నా మోకాలి పైన ఎక్కడో ఉంటుంది. పైగా స్టైలు కోసం వెనక అద్దాన్ని ఏటవాలుగా కోసేస్తారు. అంటే కిందనేమో లీటర్లు బోలెడు, పైన భీముడి చెవులకి చోటుండదు.

మన దేశంలో కార్ల వెనక భాగం ఇంత పొట్టిగా ఎందుకుంటుందో కూడా ఈ వెతుకులాటలోనే బుర్రకెక్కింది. 2006 బడ్జెట్లో చిన్న కార్లకి ఎక్సైజు పన్ను తగ్గించారు. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఉండాలి. అంతే, అప్పట్నించీ కంపెనీలు టేపు, కత్తెర పట్టుకుని కూర్చున్నాయి. 2008లో టాటా వాళ్ళు ఇండిగో వెనక భాగం తగ్గించి సిఎస్ అని తెచ్చారు. 2012లో డిజైర్‌కీ అదే క్షవరం. ఇంజను కొయ్యలేరు, మనుషుల కాళ్ళు కొయ్యలేరు, కాబట్టి డిక్కీ కోశారు. 2025 సెప్టెంబరు 22 నించి జీఎస్టీ మార్చినప్పుడు కూడా ఆ గీత అక్కడే ఉంది. లోపలున్నవాటికి 18 శాతం, దాటితే 40 శాతం. అమెరికాలో, యూరపులో పెద్ద కుక్కలున్న కుటుంబాలు తరతరాలుగా స్టేషన్ వ్యాగన్లు కొనుక్కుంటారు. తక్కువ ఎత్తు, పొడవాటి వెనక భాగం, కుక్క దర్జాగా పడుకుంటుంది. మన దగ్గరా రాకపోలేదు. 1992లో టాటా ఎస్టేట్, తరవాత్తరవాత బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, ఆక్టేవియా కాంబి. ఒక్కటీ నిలబడలేదు. "శవాల బండిలా ఉంది" అని మా మావయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు. మన జనానికి వెనక పొడుగ్గా ఉంటే అంబులెన్సే గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

ఇంకో విషయం. కుక్కని వెనక సీట్లో ఊరికే కూర్చోబెట్టి తీసుకెళ్ళేవాళ్ళు (నేనూ నాలుగేళ్ళు అదే చేశాను) ఒక్కసారి ఇంటర్ ఫిజిక్సు గుర్తుచేసుకోండి. గంటకి 50 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. గుద్దుకుని పదో వంతు సెకనులో బండి ఆగిందనుకుందాం. సెకను సెకనుకి 140 మీటర్ల తగ్గుదల, అంటే భూమ్యాకర్షణకి 14 రెట్లు. 38 కిలోల భీముడు ఆ క్షణంలో 500 కిలోలకి పైబడిన బరువుతో ముందు సీటు మీదకొస్తాడు. ముందు సీట్లో మా ఆవిడ. ఈ లెక్క కాయితం మీద వేశాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఒక షోరూములో కుర్రాడు "సన్‌రూఫ్‌లోంచి డాగ్ తల బయట పెట్టుకోవచ్చు సార్, ఇన్‌స్టాలో బాగుంటది" అంటే వాడికీ ఈ లెక్క చెప్పాను. ఆ తరవాత వాడు నాకు ఫోను చెయ్యలేదు.

ఏసీ సంగతి కూడా చెప్పాలి. కుక్కకి మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు, ఎక్కువ భాగం రొప్పుతూనే వేడి బయటికి పంపాలి. గాలే వేడిగా ఉంటే రొప్పినా లాభం లేదు. బయట 24 డిగ్రీలున్న రోజున కూడా మూసేసిన కారులో పది నిమిషాల్లో 34 దాకా, అరగంటలో 43 దాకా వెళుతుంది. మే నెలలో కోదాడ దగ్గర బయటే 43 ఉంటుంది, ఇంక కారు లోపలి సంగతి మీరే ఊహించుకోండి. కాబట్టి రెండో వరుసకీ ఆ వెనక్కీ ఏసీ గాలి వెళ్ళాలి. టీ తాగడానికి ఆగితే ఒకరు ఎప్పుడూ బండి దగ్గరే ఉండాలి. ఇది కారు ఏదైనా మారని రూలు.

సరే, కార్ల దగ్గరికొద్దాం. బొలెరో వెనక సీట్లు ఎదురెదురుగా, పక్కవాటంగా ఉంటాయి, మధ్యలో కాళ్ళ సందు తప్ప నేల లేదు. ఈకో చోటు విషయంలో మహారాజే, కానీ వెనక దాకా చల్లగాలి చేరేసరికి విజయవాడ వచ్చేస్తుంది. ఇన్నోవా క్రిస్టాలో మూడో వరుస సీట్లు కిందకి మడవవు, పైకి లేచి రెండు పక్కలా గోడలకి వేలాడతాయి. ఉన్న వెడల్పు కాస్తా అవే తినేస్తాయి. రెనో ట్రైబర్ చూసి నేను ముచ్చటపడ్డాను. 4 మీటర్ల లోపే మూడు వరుసలు, ఆ మూడో వరుసని పూర్తిగా పీకి ఇంట్లో పెట్టుకోవచ్చు. కంపెనీ వాళ్ళే అలా తయారుచేశారు. పీకేస్తే 625 లీటర్లు. (మామూలు కార్లలో సీట్లు మనంతట మనం పీకేస్తే కుదరదు. ఆర్‌సీలో ఉన్నదానికి తేడాగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.) కానీ ట్రైబర్ ఇంజను 999 సీసీ, 72 హార్స్‌పవర్. ముగ్గురు మనుషులు, 70 కిలోల కుక్కలు, ఊర్నించి వచ్చే బియ్యం బస్తా, కొబ్బరికాయలు, ఏసీ.. హైవే మీద లారీని దాటాలంటే దణ్ణం పెట్టుకోవాలి. టెస్ట్ డ్రైవ్‌కి సింబాని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కించాను, మనసు ఒప్పలేదు.

హైక్రాస్ మాత్రం.. అబ్బ. మూడో వరుస నేలలోకి మునిగిపోతుంది, వెనక చదునుగా ఓ గది. సింబాని ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి పడుకుని, ఇంటికెళ్దామంటే దిగలేదు. ఆ రోజు నించీ ఎక్సెల్‌లో వెయిటేజీలు నాకు తెలియకుండానే హైక్రాస్ వైపు జరిగిపోయాయి. వేరియంట్ బట్టి ఎంత చూసుకున్నా 20 లక్షల అప్పు తప్పదు. 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు, నెలకి 32 వేల చిల్లర. మొత్తం కట్టేది 27 లక్షలు. ఇద్దరం సంపాదిస్తున్నాం, కట్టలేని డబ్బేం కాదు. కానీ మా ఆఫీసులో మే నెలలో ఒక టీము మొత్తాన్ని ఒక్క మీటింగులో ఇంటికి పంపేశారు, ఆ మీటింగు పక్క గదిలో నేనున్నాను. ఏడేళ్ళంటే 84 మీటింగులు అని లెక్కేసుకోవడం అలవాటైంది.

మా టీములో నా పక్క సీటు వాడికి ఎక్సెల్ చూపించాను. అంతా చూసి, "బాసూ, నీ కుక్కకెంత వయసు?" అన్నాడు.

"ఎనిమిది."

"ఈ జాతి ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"పది, పన్నెండు."

"మరి ఏడేళ్ళ ఈఎంఐ ఏంటి మామా? కుక్క పోయాక నాలుగేళ్ళు కుక్క కోసం కట్టుకుంటూ కూర్చుంటావా?"

నవ్వేశాను అప్పటికి. లాజిక్కులో తప్పేం లేదు. ఇంటికెళ్ళే దారిలో మాత్రం ఆ లెక్క బుర్రలో వేరేగా తిరిగింది. భీముడికి మూడు, నాలుగేళ్ళు. సింబాకి ఏడు, ఎనిమిది. ఆ తరవాతి పేరుకి లెక్క వెయ్యడం ఇష్టం లేక పాట పెట్టుకున్నాను. మణికట్టు విరిగిన 63 ఏళ్ళ మనిషి, తిండి సరిగా తినడు, ఊరు వదలడు. మనం కొనేది ఏడేళ్ళ కారు కాదు, రాబోయే రెండు మూడేళ్ళలో ఎన్నిసార్లు ఆ ఊరికి వెళ్ళి రాగలమన్నదే అసలు ప్రశ్న. అలా చూస్తే కొత్త కారు కోసం నాలుగైదు నెలలు వెయిటింగులో కూర్చోవడం కూడా దండగే. నాన్నగారు ఈలోపు ఒక్కరే ఉంటారు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, "నేను మొదటి రోజే చెప్పాగా, సెకండ్ హ్యాండ్ చూడమని" అంది. చెప్పిందా? చెప్పే ఉంటుంది. పంతొమ్మిది కాలమ్స్‌లో దానికి కాలమ్ పెట్టలేదు నేను.

అలా ఎర్టిగా దగ్గర ఆగాం. 2018 నవంబరులో వచ్చిన రెండో తరం బండి, 1462 సీసీ పెట్రోలు. మూడో వరుస సగం సగంగా చదునుగా పడుకుంటుంది, పడుకోబెడితే 550 లీటర్లు (ఇటుకల లెక్కలో). రెండో వరుస ముందుకీ వెనక్కీ జరుగుతుంది, కాబట్టి నాన్నగారి మోకాళ్ళకీ భీముడి తోకకీ మధ్య సరిహద్దు రోజూ మార్చుకోవచ్చు. ఎస్‌యూవీ కాదు కాబట్టి అంచు మరీ ఎత్తులో లేదు. ఎవరైనా ఇదే పని మీద వెళుతుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, సీఎన్‌జీ ఎర్టిగా వద్దు. సిలిండరు వెనకే ఉంటుంది, కుక్క చోటు దానికి పోతుంది. నాలుగు వారాలు వెతికితే కూకట్‌పల్లిలో 2021 మోడలు దొరికింది, ఒకే ఓనరు, తొమ్మిది లక్షల లోపు. ఐదు చేతిలోంచి, నాలుగు మూడేళ్ళ అప్పు, నెలకి 13 వేల చిల్లర. అమ్మినాయన "పెద్ద ఫ్యామిలీయా సార్?" అనడిగారు. పెద్దదేనండీ, సగం మందికి నాలుగేసి కాళ్ళు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేనూ వివరించలేదు.

చూడగానే చదునుగా కనిపించే సీట్లు నిజానికి చదునుగా ఉండవు. మడిచిన సీటుకీ డిక్కీ నేలకీ మధ్య చిన్న మెట్టు, ఒక సందు. కుక్క కాలు సరిగ్గా అందులోకే వెళుతుంది. మా వీధి వడ్రంగితో 12 ఎంఎం ప్లైవుడ్ కోయించి, పైన రబ్బరు మ్యాట్ అంటించాం. బట్ట పరుపు వేస్తే జారుతుంది, రబ్బరైతే గోళ్ళు పడతాయి. వెనక సీటు హెడ్‌రెస్టులకి వల లాంటి అడ్డు కట్టాం. ఇద్దరికీ ఛాతీ చుట్టూ వచ్చే పట్టీలు కొన్నాం. సింబాది సీటు బెల్టు బకిల్‌కి తగులుకుంటుంది. మెడ పట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టకండి, బ్రేకు వేస్తే మెడ మీదే పడుతుంది. భీముడి కీళ్ళ కోసం ఎక్కే పలక ఒకటి, దానికీ రబ్బరే. పలక మీద నడవడం సింబాకి వారం రోజులు బిస్కట్లు పెట్టి నేర్పాం. నేర్చుకోవాల్సినవాడు ఊళ్ళో ఉన్నాడని అప్పుడు తట్టలేదు.

నవంబరు మొదటి వారంలో వెళ్ళాం. తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరి, పంతంగి టోలు దగ్గర తెల్లవారుతుంటే వెనక్కి చూస్తే సింబా నిద్రపోతున్నాడు. మొదటిసారి, ఎక్కడా కక్కకుండా. విజయవాడలో ఇడ్లీ తిని, పదకొండున్నరకి ఊళ్ళో ఉన్నాం.

నాన్నగారు చిక్కిపోయారు. కట్టు విప్పేశారు గానీ చెయ్యి ఇంకా పూర్తిగా తిరగట్లేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు ఎత్తమని, ప్లైవుడ్ మీద అరచేత్తో కొట్టి చూసి, "అంచుకి బీడింగు కొట్టించలేదే? కాలు గీరుకుంటుంది" అన్నారు. అంతే, కారు గురించి ఆయన చెప్పింది. మైలేజీ అడగలేదు.

మర్నాడు బయల్దేరేటప్పుడు భీముడు పలక ఎక్కలేదు. బిస్కట్టు పెట్టాం, సింబాతో ఎక్కించి చూపించాం, మా ఆవిడ తనే వంగుని ఎక్కి చూపించింది. వాడు వీధి గుమ్మం ముందు కూర్చుని కదల్లేదు. పక్కింటి పిన్నిగారు, ఇద్దరు పాలేర్లు, ముగ్గురు పిల్లలు చుట్టూ చేరి తలో సలహా ఇచ్చారు. నాన్నగారు లోపలికి వెళ్ళి, అమ్మ పాత వెంకటగిరి చీర ఒకటి తెచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లైవుడ్ మీద పరిచారు. ఎవరం ఏం మాట్లాడలేదు. భీముడు లేచి వచ్చి, పలక కింద నిలబడి, ముందు కాళ్ళు పైన పెట్టి ఆగిపోయాడు. వెనక కాళ్ళు రావట్లేదు వాడికి. నాన్నగారు ఎడం చెయ్యి వాడి పొట్ట కింద వేసి, "ఎక్కరా భీమా" అని లేపారు. నేనూ ఓ చెయ్యి వేశాను. ఎక్కాడు. ఒక చుట్టు తిరిగి, చీర మీద మూతి పెట్టి పడుకున్నాడు.

ఏలూరు దాటేదాకా ఎవరికీ పెద్దగా మాటల్లేవు. తరవాత సింబా నాన్నగారి పంచె మీద సొంగ కార్చాడు. అక్కణ్ణించి సూర్యాపేట దాకా సొంగ మీద, పట్నం కుక్కల పెంపకం మీద ఉపన్యాసం నడిచింది. ప్రాణం లేచొచ్చింది మాకు.

ఇక్కడికొచ్చి మూడు వారాలైంది. ఇద్దరు కుక్కలూ మొదటి వారం హాల్లో చెరో మూలా కూర్చుని గుర్రుమన్నారు, ఇప్పుడు ఒకే గిన్నెలో నీళ్ళు తాగుతున్నారు. నాన్నగారు పొద్దున్నే ఇద్దర్నీ పార్కుకి తీసుకెళ్ళి, వచ్చాక నడిచిన దూరం నోటుబుక్కులో రాస్తున్నారు. సంవత్సరీకానికి బయల్దేరే తేదీ ఆయనే పెట్టారు, నా లీవు సంగతి అడగకుండా. నిన్న సాయంత్రం కిందకి దిగి చూస్తే పార్కింగులో కారు వెనక తలుపు ఎత్తి ఉంది. లోపల ప్లైవుడ్ అంచుకి టేపు పట్టుకుని కొలుస్తున్నారు, అమ్మ మిషను టేపే. బీడింగు తొమ్మిదడుగులు కావాలట, అల్యూమినియంది వద్దు, ఎండకి కాలుతుంది, చెక్కదే తెమ్మన్నారు. శనివారం వెళ్ళి తేవాలి.